పిల్లల పళ్లకు ఫ్లోరైడ్: ఎంత, ఎప్పుడు, ఎలా

పిల్లల పేస్ట్ కొనబోతే కొన్ని అట్టపెట్టెల మీద ‘ఫ్లోరైడ్ లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, అదేదో గొప్ప సుగుణమైనట్టు. అదే పిల్లవాణ్ని డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే ‘ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండి’ అంటారు. మరోపక్క, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్లు గారపడతాయని, ఎముకలు దెబ్బతింటాయని ఎప్పటినుంచో వింటున్నాం. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడే తల్లిదండ్రులను తప్పుపట్టలేం.

నిజానికి ఈ మాటలేవీ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఫ్లోరైడ్ పంటికి తగిలితే మేలు చేస్తుంది, మోతాదు మించి కడుపులోకి వెళ్తే చేటు చేస్తుంది. పేస్ట్ బియ్యపు గింజంతే వేయమనడం, రాత్రి తప్పకుండా తోమమనడం, తోమాక పుక్కిలించవద్దనడం అన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి. దీన్ని మనసులో పెట్టుకుని చదివితే కింది పనుల్లో ఏదీ బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

పంటి మీద జరిగేదేమిటి

పంటి పైపొర పేరు ఎనామిల్. మన ఒంట్లో దానికన్నా గట్టి పదార్థం లేదు. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, అదీ ఎక్కువగా కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాలు. అంత గట్టి పొర కూడా ఆమ్లానికి లొంగిపోతుంది. నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ లాంటి బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరను వాడుకుని ఆమ్లాన్ని వదులుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాలకే పంటిమీది పాచిలో పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, అది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) పడిపోతుంది. అది సుమారు 5.5 కన్నా కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. ఆ తర్వాత అరగంట నుంచి గంటలోపు లాలాజలం ఆమ్లాన్ని విరిచేస్తుంది, పోయిన ఖనిజంలో కొంత తిరిగి పంటిలోకి చేరుతుంది. రోజంతా ఈ జమాఖర్చులు నడుస్తూనే ఉంటాయి. రోజుల తరబడి ఖర్చే ఎక్కువైతే పన్ను పుచ్చుతుంది.

ఫ్లోరైడ్ రెండువైపులా పనిచేస్తుంది. పంటి చుట్టూ ఉన్న తడిలో అది కొద్దిగా ఉన్నా చాలు, స్ఫటికాల పైభాగానికి అంటుకుని ఆమ్లానికి కరిగే వేగాన్ని తగ్గిస్తుంది. ఖనిజం తిరిగి చేరేటప్పుడు ఆ పనిని త్వరపెడుతుంది. అలా కొత్తగా ఏర్పడే పొర ఫ్లోరఅపటైట్‌కు, అంటే ఫ్లోరైడ్ చేరిన స్ఫటికానికి దగ్గరగా ఉంటుంది, సుమారు 4.5 పీహెచ్ దాకా తట్టుకుంటుంది. బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేసే పనికి కూడా ఫ్లోరైడ్ కాస్త అడ్డు తగులుతుంది కానీ, మొదటి రెండింటితో పోలిస్తే అది చిన్న సంగతే.

పన్ను మొలవకముందు కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడే పంటిని లోపలి నుంచి గట్టిపరుస్తుందని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. మొలిచిన పంటిని బయటి నుంచి తాకడం వల్లే మేలులో ఎక్కువ భాగం దక్కుతుందని ఇప్పుడు దంతవైద్య శాస్త్రం చెబుతోంది. తల్లిదండ్రులకు ఇది మంచి వార్త. పిల్లల చేత ఏమీ మింగించక్కర్లేదు, రోజూ కొంచెం తగిలిస్తే సరిపోతుంది.

‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. కానీ వెనక ఉండే పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. నాలుగేళ్లకే పుచ్చిపోతే మిగిలిన ఆరేడేళ్లు నమలడమెలా? పుచ్చు లోతుకు దిగి చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత దంతానికీ దెబ్బ తగలొచ్చు. పాలపన్ను ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, తర్వాత వచ్చే పంటికి చోటు ఉండదు.

1. ముందు ఇంటి నీళ్ల సంగతి తెలుసుకోండి

ఫ్లోరైడ్ కథ మొదలైందే నీళ్ల దగ్గర. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే డెంటిస్ట్, అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు చూసి ఆశ్చర్యపోయాడు. ఇంకా విచిత్రం, ఆ మరకల పళ్లు అంత తేలిగ్గా పుచ్చేవి కావు. కారణం తేలడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1931లో హెచ్.వి. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీటిలో ఎక్కువగా ఉన్న ఫ్లోరైడే దీనికి మూలమని గుర్తించాడు. ఆ తర్వాత ట్రెండ్లీ డీన్ అనే అమెరికా దంత పరిశోధకుడు చేసిన పరిశీలనల్లో, లీటరు నీటికి సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే మరకలు పెద్దగా రావని, పుచ్చు మాత్రం బాగా తగ్గుతుందని తేలింది. 1945 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణం తాగునీటిలో కొలిచి ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పుచ్చు 60 శాతానికి పైగా తగ్గింది. అప్పటికింకా ఫ్లోరైడ్ పేస్టులు ఇళ్లకు చేరలేదు. ఇప్పుడు ఇంటింటా పేస్ట్ ఉంది కాబట్టి నీటి వల్ల అదనంగా కలిగే లాభం అప్పటంత ఉండదు. అమెరికాలో కలిపే మోతాదును కూడా 2015లో లీటరుకు 0.7 మిల్లీగ్రాములకు తగ్గించారు.

మీరు చేయాల్సిందల్లా ఇంట్లో తాగే, వంటకు వాడే నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో కనుక్కోవడం. కుళాయి నీళ్లయితే సరఫరా చేసేవాళ్ల దగ్గర పరీక్ష ఫలితాలు ఉంటాయి. బోరు నీళ్లయితే ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. రుచిలో, రంగులో, వాసనలో ఏ తేడా తెలియదు కాబట్టి ‘మా నీళ్లు తియ్యగా ఉంటాయి’ అన్న భరోసా ఇక్కడ పనికిరాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది.

అంతకన్నా ఎక్కువుంటే పిల్లల తాగునీటిని, వంటనీటిని మార్చడమే మొదటి పని. పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్ల ఆహారమంతా ఆ నీళ్లతోనే తయారవుతుంది. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ అడుగునే ఉండిపోతుంది, అంటే మరింత చిక్కబడుతుంది. ఆర్‌వో ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది, మామూలు క్యాండిల్ ఫిల్టర్ తీయలేదు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే, పేస్ట్ ఎలా వాడాలో కూడా డెంటిస్ట్‌తో ఒకసారి మాట్లాడండి.

ఆర్‌వో నీళ్లే తాగుతున్నారా? అప్పుడు నీటి ద్వారా దాదాపు ఏమీ అందడం లేదనే లెక్క. భయపడక్కర్లేదు. కాకపోతే భారమంతా పేస్ట్ మీద పడుతుంది కాబట్టి తర్వాతి పనులు ఇంకా శ్రద్ధగా చేయాలి.

2. ట్యూబ్ తిప్పి వెనక చదవండి

ముందు వైపున ఉండే బొమ్మను వదిలేయండి. వెనక చిన్న అక్షరాల్లో సోడియం ఫ్లోరైడ్, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్, స్టానస్ ఫ్లోరైడ్ అనే పేర్లలో ఏదో ఒకటి కనిపించాలి. ఫ్లోరైడ్ ఉన్న అలాంటి పేరు ఒక్కటీ లేకపోతే అందులో ఫ్లోరైడ్ లేనట్టే, అట్ట మీద దంతరక్షణ గురించి ఎంత రాసినా సరే. మూలికలతో చేసిన పేస్టుల్లో ఇది తరచూ ఎదురవుతుంది. అన్నీ అలా ఉండవు గనుక చదివి చూసుకోవడం తప్ప దారి లేదు.

తర్వాత చూడాల్సింది పీపీఎం అంకె. 1000 పీపీఎం అంటే ఒక గ్రాము పేస్ట్‌లో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ అని అర్థం. కొన్ని ట్యూబుల మీద పీపీఎం ఉండదు, శాతం మాత్రమే ఉంటుంది. సోడియం ఫ్లోరైడ్ 0.22 శాతం అంటే సుమారు 1000 పీపీఎం, 0.32 శాతం అంటే సుమారు 1450. మోనోఫ్లోరోఫాస్ఫేట్ అయితే 0.76 శాతానికి సుమారు 1000 పీపీఎం వస్తుంది.

పిల్లలకని 500 పీపీఎంతో వచ్చే పేస్టులు కూడా ఉన్నాయి. వినడానికి జాగ్రత్తగా అనిపిస్తుంది కానీ, నాకైతే అది అటూ ఇటూ కాని పని అనిపిస్తుంది. 1000 పీపీఎం, ఆపైన ఉన్నవి పుచ్చును తగ్గిస్తాయని గట్టి ఆధారాలున్నాయి. 550, అంతకన్నా తక్కువున్న వాటి విషయంలో అలాంటి స్పష్టత లేదు. ఫ్లోరైడ్ పేస్ట్ వాడిన పిల్లల్లో పుచ్చు సగటున 24 శాతం తక్కువగా ఉంటుందని వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2003లో తేల్చింది, అదీ చాలా పరీక్షలను కలిపి చూశాక. కాబట్టి గాఢత తగ్గించిన పేస్ట్‌ను ఎక్కువగా వేయడం కన్నా 1000 పీపీఎం పేస్ట్‌ను కొద్దిగా వేయడం మంచిది.

పెద్దల పేస్ట్ పిల్లలకు పనికిరాదా అంటే, తేడా ఎక్కువగా రుచిలోనే ఉంటుంది. పుదీనా ఘాటుకు నాలుక మండి పిల్లలు పారిపోతారు. అలాగని మిఠాయిలా తియ్యగా ఉండే పేస్ట్ తెస్తే చప్పరించి మింగేస్తారు. నోరు మండని, తినాలని కూడా అనిపించని రుచి దొరికితే మీ పని సగం తేలికైనట్టే.

3. ఎంత వేయాలి

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచి మూడేళ్లు నిండేదాకా ఒక బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ల దాకా ఒక బఠాణీ గింజంత. ఆ తర్వాత కూడా బఠాణీ గింజకు కాస్త అటూ ఇటూ సరిపోతుంది. ప్రకటనల్లో బ్రష్ పొడవునా అలలా మెలి తిప్పి వేసే పేస్ట్ దాదాపు ఒక గ్రాముంటుంది. అది కంటికి ఇంపుగా ఉండటానికే, పిల్లల బ్రష్ మీద దానికి చోటు లేదు.

ఈ గింజల లెక్క ఎందుకో చూడండి. బియ్యపు గింజంత 1000 పీపీఎం పేస్ట్‌లో సుమారు 0.1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. ఏడాది పిల్లకు ఉమ్మేయడం రాదు, రెండుపూటలా మొత్తం మింగేసిందనే అనుకుందాం. అప్పటికీ రోజుకు 0.2 మిల్లీగ్రాములే. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు అన్ని రకాలుగా కలిపి కిలో బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదన్నది అమెరికా పోషకాహార నిపుణులు పెట్టిన పైహద్దు. పది కిలోల పిల్లకు అది 1 మిల్లీగ్రాము. అందుకే ‘ఉమ్మడం వచ్చేదాకా ఫ్లోరైడ్ పేస్ట్ వద్దు’ అనే పాత సలహా స్థానంలో ‘మొదటి పన్ను నుంచే, కానీ గింజంత’ అనే సలహా వచ్చింది. నీటిలో ఇప్పటికే ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఈ లెక్క మారిపోతుంది. నీళ్ల సంగతి ముందు తేల్చుకోమన్నది అందుకే.

పేస్ట్‌ను బ్రష్ మీద ముద్దలా నిలబెట్టకుండా కుచ్చుల్లోకి వేలితో కొంచెం అదిమేయండి. ముద్ద కనిపిస్తే పిల్లలు ముందు దాన్ని నాకేస్తారు. అదిమితే అది పళ్లకే అంటుతుంది. ట్యూబ్ నొక్కడం మాత్రం ఆరేళ్ల దాకా పెద్దల చేతిలోనే ఉండాలి.

4. తోమే తీరు

ఫ్లోరైడ్ పనిచేయడమా, సింకులో కొట్టుకుపోవడమా అన్నది ఇక్కడే తేలుతుంది. మంచి పేస్ట్ కోసం గంటసేపు వెతికే ఇళ్లలో కూడా అరనిమిషం తోమి, మూడు గుక్కల నీళ్లతో పుక్కిలించి వచ్చేస్తుంటారు. వెతికిన శ్రమంతా ఆ మూడు గుక్కలతో పోతుంది.

చిన్నపిల్లల్ని వాష్‌బేసిన్ ముందు నిలబెట్టి ఎదురుగా కూర్చుని తోమితే ముందు పళ్లు తప్ప ఏమీ కనబడవు. నేల మీదో మంచం మీదో కూర్చుని, పిల్ల తల మీ ఒడిలో పెట్టుకుని వెల్లకిలా పడుకోబెట్టుకోండి. పైనుంచి చూస్తే నోరంతా కనిపిస్తుంది. ఎడమచేతి చూపుడువేలితో పై పెదవిని ఎత్తండి. పెదవి లోపలి నుంచి రెండు ముందు పళ్ల మధ్య చిగురుకు ఒక సన్నని పొర దిగి ఉంటుంది. బ్రష్ దానికి తగిలితే చురుక్కుమంటుంది. ‘మా పిల్ల బ్రష్ చూస్తేనే ఏడుస్తుంది’ అనేవాళ్లలో చాలామందికి అసలు సమస్య ఆ పొరే. వేలిని అడ్డంగా దాని మీద ఆనించి ఉంచితే బ్రష్ వేలికి తగులుతుంది, పిల్లకు నొప్పి ఉండదు.

వెనక దవడ పళ్లతో మొదలుపెట్టండి. పిల్లల ఓపిక ఎప్పుడు అయిపోతుందో తెలియదు, పుచ్చు ఎక్కువగా వచ్చేదేమో వెనక పళ్లకే. బ్రష్ కుచ్చుల్ని చిగురు, పన్ను కలిసే గీత వైపు ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న వలయాల్లో కదపాలి. నమిలే భాగాన్ని ముందుకూ వెనక్కూ తోమాలి. మొత్తం రెండు నిమిషాలు. గట్టిగా రుద్దితే ఎక్కువ శుభ్రపడతాయన్నది అపోహ, చిగుళ్లకు గాయమవుతుంది తప్ప లాభం లేదు. రెండు పళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే ఆ సందులోకి బ్రష్ వెళ్లదు, ఫ్లాస్ దారం కావాల్సిందే.

తోమడం అయ్యాక ఉమ్మేయమనండి, అంతే. పుక్కిలించవద్దు. తోమిన తర్వాత లాలాజలంలో మిగిలే ఆ కాస్త ఫ్లోరైడే తర్వాత చాలాసేపు పనిచేస్తుంది. నీళ్లతో కడిగేస్తే అది పోతుంది. మొదట్లో నోట్లో ఏదో మిగిలిపోయినట్టు అనిపిస్తుందని పిల్లలే కాదు, పెద్దలూ గొణుగుతారు. కొన్నాళ్లకు అలవాటైపోతుంది. ఉమ్మడం రాని పసివాళ్లకు మిగిలిన నురుగును తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఉదయం తోమకపోతే ఊరుకోని ఇళ్లలో రాత్రి తోమకుండా పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఒక్క పూటే కుదిరే రోజైతే నేను రాత్రికే ఓటేస్తాను. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, అంటే ఆమ్లాన్ని విరిచేవాళ్లు లేరన్నమాట. సాయంత్రం తిన్న బిస్కెట్ ముక్క పళ్ల మధ్య ఇరుక్కుని ఉంటే బ్యాక్టీరియాకు రాత్రంతా పండగే. రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటుంటే ముందు దాన్ని మాన్పించాలి. ఎంత ఫ్లోరైడ్ వాడినా ఆ అలవాటు ముందు నిలవడం కష్టం.

ఎన్నేళ్లదాకా మనమే తోమాలి? ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా. ఐదేళ్ల పిల్ల ‘నేనే తోముకుంటా’ అని పట్టుబడితే తోముకోనివ్వండి, తర్వాత ఒక చుట్టు మీరు తిప్పండి. ఎనిమిది దాటాక కూడా పక్కన నిలబడి చూడటం తప్పదు.

5. నెలకోసారి పెదవి ఎత్తి చూడండి

ఇందుకు ఏ పరికరమూ అక్కర్లేదు, కిటికీ వెలుతురు చాలు. పై ముందు పళ్లను పొడి గుడ్డతో తుడిచి, చిగురు అంచు వెంట చూడండి. పన్ను పుచ్చేటప్పుడు మొదట నల్లగా మారదు. చిగురు గీతను ఆనుకుని సుద్దలాంటి తెల్లటి చార కనిపిస్తుంది, అక్కడ పంటి మెరుపు ఉండదు. అంటే లోపల ఖనిజం కరిగిపోతోంది, కానీ పైపొర ఇంకా కూలలేదు. ఫ్లోరైడ్ తన సత్తా చూపించేది ఈ దశలోనే. రోజూ రెండుపూటలా పేస్ట్, డెంటిస్ట్ పూసే ఫ్లోరైడ్ వార్నిష్, తీపి తినే సార్లు తగ్గించడం, ఈ మూడూ కలిస్తే ఆ చార అక్కడితో ఆగిపోవచ్చు, మళ్లీ గట్టిపడొచ్చు కూడా. గుంత పడిందంటే మాత్రం ఫ్లోరైడ్ దాన్ని పూడ్చలేదు.

తెల్లగా ఉన్న ప్రతిదీ పుచ్చు కాదు. ఫ్లోరైడ్ ఎక్కువగా కడుపులోకి వెళ్తే వచ్చే ఫ్లోరోసిస్ వల్ల కూడా తెల్లటి మచ్చలు వస్తాయి. అవి చిగురు అంచుకే పరిమితం కావు, పంటి మీద మబ్బుల్లాగో సన్నటి గీతల్లాగో పరుచుకుంటాయి, కుడివైపు పంటికి ఉంటే ఎడమవైపు అదే పంటికీ ఉంటాయి. అనుమానముంటే డెంటిస్ట్‌కు చూపించడమే మేలు. ఎలాగూ మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి డెంటిస్ట్‌ను కలవమని పిల్లల దంతవైద్యులు చెబుతారు.

6. ఆరేళ్లకు వచ్చే దవడ పన్నును గమనించండి

ఆరేళ్ల ప్రాంతంలో పాలపళ్లన్నిటికన్నా వెనక, నాలుగు మూలలా నాలుగు శాశ్వత దవడ పళ్లు వస్తాయి. వాటికోసం ఏ పాలపన్నూ ఊడదు, అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. ‘ఇది పాలపన్నే కదండీ, ఊడిపోతుంది కదా’ అని తల్లిదండ్రులు అడిగితే, ‘లేదమ్మా, ఇది జీవితాంతం ఉండాల్సిన పన్ను’ అని డెంటిస్ట్ చెప్పేసరికి పుచ్చు లోతుకు దిగి ఉంటుంది. పన్ను పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా అది పక్కపళ్ల కన్నా కిందనే ఉంటుంది, బ్రష్ దాని మీదుగా జారిపోతుంది. బ్రష్‌ను నోటి పక్క నుంచి అడ్డంగా పెట్టి ఆ ఒక్క పన్నును విడిగా తోమాలి.

ఈ పళ్ల నమిలే భాగంలో లోతైన గాళ్లుంటాయి. ఫ్లోరైడ్ నున్నటి పక్కభాగాలను బాగా కాపాడుతుంది కానీ, బ్రష్ కుచ్చు కూడా దూరని ఆ గాళ్లలో దాని బలం తక్కువ. అక్కడ సీలెంట్ వేయించాలి. డెంటిస్ట్ ప్లాస్టిక్ లాంటి పలుచటి రెజిన్‌తో గాళ్లు మూసేస్తారు, నొప్పి ఉండదు, మత్తు అక్కర్లేదు. పన్నెండేళ్లకు వచ్చే రెండో దవడ పళ్లకూ ఇదే వర్తిస్తుంది.

7. వార్నిష్ వేయించండి

ఫ్లోరైడ్ వార్నిష్‌లో 5 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 22,600 పీపీఎం ఉంటుంది. అంకె చూసి హడలిపోనక్కర్లేదు, వాడేది కొన్ని చుక్కలే, పైగా ఉమ్మి తగలగానే పంటికి అంటుకుని గట్టిపడుతుంది. పళ్లను కాస్త తుడిచి చిన్న కుంచెతో పూస్తారు. ఒకట్రెండు నిమిషాల పని. వార్నిష్ వేసిన పిల్లల్లో శాశ్వత దంతాల పుచ్చు సగటున 43 శాతం, పాలపళ్లది 37 శాతం తగ్గినట్టు 2013 కోక్రేన్ సమీక్షలో ఉంది. మామూలుగా ఆరునెలలకోసారి వేస్తారు, పుచ్చు ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడునెలలకోసారి.

ఆ రోజు పళ్లు కాస్త పసుపురంగులో కనిపిస్తాయి, కంగారుపడకండి. కొన్ని గంటలపాటు గట్టివి, వేడివి పెట్టకుండా, మర్నాడు ఉదయం దాకా తోమకుండా ఉంటే చాలు. కొన్ని వార్నిష్‌లలో చెట్టు జిగురు ఉంటుంది. పిల్లకు అలర్జీలుంటే ముందే చెప్పండి.

ఇతర రకాల గురించి కొంచెం. ఫ్లోరైడ్ మౌత్‌వాష్ ఆరేళ్లలోపు వద్దు, మింగేస్తారు. ఆ తర్వాత కూడా పుచ్చు ముప్పు ఎక్కువున్నవాళ్లకే, అదీ తోమిన వెంటనే కాకుండా వేరే సమయంలో. ఫ్లోరైడ్ మాత్రలు, చుక్కలు డాక్టర్ రాస్తేనే. ఇప్పటికే గుంతలు పడి, డ్రిల్లింగ్‌కు సహకరించని చిన్నపిల్లలకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం పూస్తారు. అది పుచ్చును అక్కడే ఆపుతుంది కానీ పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది, ఆ సంగతి ముందే తెలుసుకుని ఒప్పుకోండి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నీ, ఫ్లోరైడ్ పేస్ట్‌నూ తప్పనిసరిగా అందుబాటులో ఉండాల్సిన ఆవశ్యక మందుల జాబితాలో చేర్చింది.

8. భయాల సంగతి

ఎనిమిదేళ్ల దాకా శాశ్వత దంతాల ఎనామిల్ చిగురు లోపల తయారవుతూ ఉంటుంది. ఆ కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా కడుపులోకి వెళ్తే మచ్చలు వస్తాయి. స్వల్పంగా వచ్చే తెల్లటి మచ్చలు చూడటానికే తప్ప పంటికి హాని కావు. గోధుమరంగు మచ్చలు, గుంటలు పడే తీవ్రమైన రకం ఎక్కువగా నీటిలో ఫ్లోరైడ్ మితిమీరిన చోట కనిపిస్తుంది. పేస్ట్ వల్ల వచ్చే ముప్పు గింజ లెక్క పాటిస్తే చాలావరకు తగ్గిపోతుంది.

ఇక తెలివితేటల మీద ప్రభావం. 2024 ఆగస్టులో అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఒక నివేదిక ఇచ్చింది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన చోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటంతో దానికి సంబంధం కనిపిస్తోందని, ఆ మాటను ఒక మోస్తరు నమ్మకంతో చెప్పగలమని అందులో ఉంది. అమెరికాలో నీటిలో కలిపే 0.7 మిల్లీగ్రాముల స్థాయి గురించి తేల్చడానికి తగినన్ని ఆధారాలు లేవని కూడా అందులోనే ఉంది. చాలామంది మొదటి సగం చదివి పేస్ట్ మానేస్తున్నారు. ఆ నివేదిక మాట్లాడింది మింగే ఫ్లోరైడ్ గురించి, పెద్ద మోతాదుల గురించి. దాన్ని చదివి భయమేస్తే చేయాల్సిన పని నీటి పరీక్ష.

9. ట్యూబ్ తినేస్తే

రోజూ తోమేటప్పుడు మింగే కాస్తకు కంగారు వద్దు. ఒక్కసారిగా కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ లోపలికి వెళ్తే దాన్ని ఆసుపత్రికి వెళ్లాల్సిన మోతాదుగా చూస్తారు. పది కిలోల పిల్లకు అది 50 మిల్లీగ్రాములు. 1000 పీపీఎం పేస్ట్ అయితే 50 గ్రాములు, 1450 పీపీఎం అయితే సుమారు 34 గ్రాములే. అంటే పెద్దల పెద్ద ట్యూబ్‌లో సగం కూడా కాదు.

అంతకన్నా తక్కువ తిన్నా కడుపునొప్పి, వికారం, వాంతులు రావొచ్చు. వెంటనే పాలు తాగించండి, పాలలోని కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటుంది. వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. ఎంత తిన్నదో తెలియకపోయినా, ఎక్కువే తిన్నదని అనుమానమున్నా, పిల్ల హుషారుగానే కనిపిస్తున్నా సరే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ట్యూబ్‌ను కూడా వెంట తీసుకెళ్లండి. అందులో ఎంత మిగిలిందో, వెనక పీపీఎం ఎంత రాసి ఉందో చూస్తే పిల్ల తిన్నది ఎంతో డాక్టర్ నిమిషంలో లెక్కకడతారు.